పొద్దు పుట్టే దిక్కు తెలీని కంటిపరీక్ష

బాలనాగమ్మ జేజికి ఒక కన్ను సరిగా కనిపించదని కొండాపురం పునరావాస కాలనీలో అందరికీ తెలుసు, ఒక్క జేజి ఒప్పుకోదు. ప్రతి గొర్రెనూ అరుపు విని గుర్తుపట్టే మనిషికి చూపుతో ఏం పని? కానీ పొరుగింటి దస్తగిరి కొత్తగా కొన్న బ్యాటరీ స్కూటరు అరవదు. అది ఎడమపక్క నుంచి వచ్చి ఆమె కొంగును రాసుకుంటూ పోయింది. జేజి దస్తగిరిని తిట్టింది. కొడుకు సంజీవయ్య జేజిని తిట్టాడు.

"కంటాసుపత్రికి పోదాం పా. కండ్లు బాగలేవని డాక్టరు అన్న్యాడంటే గొర్రెల్ని అమ్మేస్తా, అంతే."

అందుకని జేజి ప్రొద్దుటూరు బస్సెక్కింది చూపించుకోవడానికి కాదు, నెగ్గడానికి. జమ్మలమడుగు దాటేదాకా "అదో, ఆడ బోర్డుండాది" అని కోడలు యశోదకు చూపిస్తూనే ఉంది. చదువు రాదు కాబట్టి బోర్డు మీద ఏముందని ఎవరూ అడగలేదు.

ఆసుపత్రిలో చూపు పరీక్షించే అమ్మాయి పేరు శోభ. చదువురానివాళ్ల కోసం గోడ మీద వేరే పటం ఉంది. దాని నిండా మూడు కాళ్ల గుర్తే, ఒక్కోచోట ఒక్కో పక్కకు తిరిగి, కిందికి వచ్చేకొద్దీ చిన్నదవుతూ ఉంటుంది. కాళ్లు ఎటున్నాయో చెప్పాలి. శోభ పటం పక్కన నిలబడి, జేజిని ఎడమ కన్ను మూసుకోమని చెప్పి, పుల్లతో ఒకదాన్ని చూపించింది.

"అవ్వా, కాళ్లు యా పక్కకుండాయి?"

"తూర్పుకు."

"ఇది?"

"ఆకాశానికి."

"కుడి, ఎడమ అని చెప్పవ్వా."

"ఎవురి కుడి? నాకెదురుగా నిలబడితివి, నీ కుడి నాకు ఎడమాయ. తూర్పయితే ఇద్దరికీ ఒగటే గదా."

"ఈ గదిలో తూర్పు యాడుందో నాకేం తెలుసు?"

"పొద్దు యాడ పుడ్తాదో తెలీని పిల్లవు, నా కండ్లు నువ్వు చూస్తావా?"

శోభ తలుపు తీసి, బయట ఎండ ఎటుందో చూసొచ్చింది. జేజి చెప్పినవి ఒప్పే. అడుగు వరుసలు తప్ప అన్నీ కుదిరాయి. జేజి కొడుకు వైపు తల ఎగరేసింది.

తర్వాత కుడి కన్ను మూయించారు. ఇప్పుడు పటమే కాదు, గోడ కూడా పలచటి మజ్జిగలా ఉంది.

"తూర్పు," అంది జేజి ధైర్యంగా.

"నేనింకా పుల్ల పెట్టనేలేదవ్వా!"

జేజి కుడి కన్ను మూసిన వేళ్లను మెల్లగా ఎడం చేయబోతే యశోద చేయి అడ్డం పెట్టింది.

కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేసి, కాసేపు కూర్చోబెట్టి, డాక్టర్ ఫరూఖ్ లైటు వేసి చూశాడు. చూపు నరాన్ని దెబ్బతీసే నీటికాసుల జబ్బు లేదు. కుడి కంటికి అద్దాలు చాలు. ఎడమ కంట్లోనే శుక్లం ముదిరింది.

"కంటి లోపల అద్దం లాంటిది ఒకటుంటుందవ్వా. అది మసకబారింది. చుక్కలకు కరగదు, దాన్ని తీసి కొత్తది పెట్టాల. కంట్లో ఏమన్నా పోస్తాండావా?"

"లేదు సారూ."

"మేకపాలు పోస్తాది సార్, దినామూ," అంది యశోద.

"పోయొద్దు. చీము పడితే కన్నే పోతాది."

"అదట్లుండనీ. గొర్రెల్ని అమ్మాల్నా, వద్దా? అది చెప్పు సారూ."

డాక్టరు నవ్వాడు. "ఆపరేషన్ చేయించుకో, ఎడమపక్క కనిపిస్తాది, మళ్లీ మేపుకోవచ్చు. కాకపోతే కొన్నాళ్లు దుమ్ములో తిరగగూడదు."

"ఇన్న్యావా మా?" సంజీవయ్య అందుకున్నాడు. "మరి ఆ కొన్నాళ్లు ఎవురు మేపాల?"

జేజి బాగున్న కంటితో కొడుకునే చూస్తోంది. యశోద కూడా మొగుణ్ణే చూస్తోంది. చివరికి డాక్టరూ చూశాడు.

"నాకేం తెలుసు మేపేది?" అన్నాడు సంజీవయ్య నీరసంగా.

"నేర్పిస్తా. సారూ, ఎప్పుడు రమ్మంటావు?"

తిరుగు బస్సులో చుక్కల వల్ల వెలుతురు గుచ్చుకుంటుంటే జేజి కొంగు ముసుగేసుకుంది. ముసుగులోంచే పాఠం మొదలైంది.

"ఆ గూని పొట్టేలు ముందర నిలబడొద్దురా."

"ఏం, పొడుస్తాదా?"

"నన్నయితే పొడవదు."