ఒంటిచేత్తో తొడుక్కునే జాకెట్

2022 వేసవి. ఇబ్రహీంపట్నం మార్కెట్‌లోని నా టైలరింగ్ దుకాణానికి అండాలమ్మను కోడలు మంజుల ఆటోలో తీసుకొచ్చింది. పక్షవాతంతో అండాలమ్మ ఎడమ చెయ్యి పడిపోయి ఏడాదైంది. స్నానం, చీర ఎలాగో చూసుకుంటుంది. జాకెట్ హుక్కులు మాత్రం కోడలే పెట్టాలి. మంజులకు రావిర్యాల దగ్గర కంపెనీలో పని, తెల్లవారకముందే బస్సు. ఆలోపే, చీకట్లోనే, అత్త తయారైపోవాలి.

“నైటీ ఏస్కో అత్తమ్మా అంటే ఇనదు,” అంది మంజుల.

“నైటీ మీద వాకిట్ల కూసుంటనా? సిగ్గు నీకు లేకుంటె నాకుండదా?” అని అండాలమ్మ నా వైపు తిరిగింది. “అక్కా, నా అంతట నేనే ఏసుకునేటట్టు కుట్టు. రోజూ దీని ముంగట బొమ్మ లెక్క నిలవడుడు నాతోని అయితలేదు.”

హుక్కు దూరే దారపు ఉచ్చును కాజా అంటాం. ఒక చెయ్యి కాజా పట్టీని బిగించి పట్టుకుంటేనే రెండో చెయ్యి హుక్కు తగిలించగలదు.

“జాకెట్‌కు హుక్కులే ఉంటయ్ అండాలమ్మా. అందరికీ గట్లనే కుడతం.”

“అందరికి రెండు చేతులు పనిజేస్తయ్ అక్కా.”

బూట్లకు, బ్యాగులకు వాడే వెల్‌క్రో తెప్పించాను. గరుకు పట్టీ ఒకటి, మెత్తటి పట్టీ ఒకటి, అదిమితే అంటుకుంటాయి. ఎడమ చంక వదులుగా కత్తిరించి కుట్టి ఇచ్చాను.

మూడో రోజే ఇద్దరూ తిరిగొచ్చారు. గరుకు పట్టీ అంచు బయటపడి చీర పోగులు లాగేసింది.

“మంచి చీరె ఖరాబైంది. మల్ల హుక్కులే పెట్టక్కా,” అంది మంజుల.

అండాలమ్మ ఒడిలోని జాకెట్‌ను గట్టిగా పట్టుకుంది. “చీరె పోతే పోనీ. దీన్నే సక్కగ చెయ్యి.”

మొదటిసారి రెండు పట్టీలూ ఒకే వెడల్పుతో వేశాను. ఒంటిచేత్తో మూస్తే అంచులు సరిగ్గా కలవవు. గరుకు పట్టీని అర అంగుళానికి తగ్గించి, మెత్తటిది అంగుళం పెట్టాను. కొంచెం అటూ ఇటూ జరిగినా గరుకు మొత్తం దాని కిందే ఉంటుంది.

తొడిగి చూసుకోవడానికి అండాలమ్మ పరదా వెనక్కి వెళ్తుంటే మంజుల అలవాటుగా లేచింది.

“నువ్ కూసో.”

లోపల పట్టీ చర్రున ఊడింది. మళ్లీ ఊడింది.

“అత్తమ్మా, రావాల్నా?”

“వస్తే కొడత.”

చాలాసేపటికి బయటికొచ్చింది. జాకెట్ పూర్తిగా మూసి ఉంది. కొంగు ఒక పక్కకు జారింది. మంజుల చెయ్యి చాచి, మళ్లీ వెనక్కి తీసుకుంది.

“రేపు నువ్ నీ బస్సుకు నువ్ పో,” అంది అండాలమ్మ. “నేను ఎండొచ్చినంక తానం జేస్త.”

అప్పటి నుంచి పెద్దవాళ్లు ఎవరొచ్చినా టేపు తీయకముందే చేతులు ఎత్తి చూపించమంటాను, జాకెట్ ఎవరు తొడుగుతారని అడుగుతాను. కూతురనో కోడలనో చెప్పేవాళ్లు నేననుకున్నదాని కంటే ఎక్కువే. అడగకపోతే మాత్రం ఎవరూ చెప్పరు.