కోడిపిల్లల షెడ్డులో కుంపటి

నా చిన్నప్పుడు ఈ దీవిలో మేముండే బెడోక్ పేటలో ఇప్పటి ఫ్లాట్లు లేవు. తాటాకు కప్పిన ఇళ్ళు, కోళ్ళు, పందులు, వాన పడితే మోకాలి లోతు బురద. ఓడరేవులో మూటలు మోసే మా నాన్న ఇంటి వెనక చెక్కల షెడ్డు కట్టి కోడిపిల్లల్ని పెంచేవాడు. ఆ ఏడు తెచ్చిన పిల్లలు బతికి బట్టకడితే నన్ను బడిలో వేస్తానన్నాడు. నాకప్పటికే తొమ్మిదేళ్ళు. నా ఈడువాళ్ళు యూనిఫాంలో వెళుతుంటే గుమ్మంలో నిలబడి చూసేదాన్ని.

ఏడాది చివర్లో ఇక్కడ వాన పట్టుకుంటే ఓ పట్టాన వదలదు. ఈకలు రాని పిల్లలు చావడానికి ఆ చెమ్మ చాలు. షెడ్డుకు కరెంటు లేదు. కిరసనాయిలు దీపాలు దండగన్నాడు నాన్న. కోళ్ళ పెంపకంలో తల పండిన పక్కింటి చీనా అత్త, బొగ్గుల కుంపటి పెట్టుకోమని, కానీ చూరు కింద జానెడు సందు వదలమని మలయ్‌లో చెప్పింది. చేత్తో పైకి చూపిస్తూ "అంగిన్, అంగిన్" అంది, గాలి ఆడాలని. నాన్న తల ఊపి, ఆవిడ వెళ్ళాక నవ్వాడు.

"గాలికి దారెట్టుకుంటే ఇంక బొగ్గులు దేనికే? సందులన్నీ మూసేస్తే గుప్పెడు బొగ్గులకే తెల్లార్లూ ఎచ్చగుంటాది" అన్నాడు.

పాత గోనెసంచులు చింపి ఇద్దరం సందుల్లో కుక్కాం. తలుపు కింది సందు నా వంతు. సాయంత్రం కుంపటి పెట్టాక గడియ వేసి, గోనెపట్టాను బొటనవేళ్ళతో అదిమి మరీ కూరాను. నాన్న చూసి బాగుందన్నాడు. ఆయన మెచ్చుకోవడమే అరుదు, పొంగిపోయాను.

పొద్దున్నే ఆ పట్టా లాగి తలుపు తీసింది నాన్నే. లోపల ఒక్క పిల్లా కదల్లేదు.

ఇరుగుపొరుగు పోగయ్యాక నాన్న గొంతు లేచింది. "ఈ పిల్లే తలుపు సరిగ్గా ఎయ్యలేదు. చలికి సచ్చిపోనాయి" అన్నాడు. అమ్మ నా వైపు చూసి తల దించుకుంది.

చీనా అత్త ఒక పిల్లను తీసి నా అరచేతిలో పెట్టింది. ఇంకా గోరువెచ్చగా ఉంది. చలికి చచ్చేవైతే ఒకదానిమీదొకటి ఎక్కి గుట్టగా పడతాయని, ఇవి ఎక్కడివక్కడే ఒరిగిపోయాయని, ఊపిరాడక పోయాయని మెల్లగా చెప్పింది. నీ తప్పేమీ లేదంది. నాన్న రెండడుగుల దూరంలోనే ఉన్నాడు. అంతా విన్నాడు. విని, చచ్చినవాటిని బుట్టలోకి ఎత్తడం మొదలుపెట్టాడు.

జనవరిలో బడి తెరిచారు. తలుపెయ్యడం రాని పిల్లకు చదువేమిటన్నాడు నాన్న. ఆ తర్వాత కూడా నేను ఏ బడి గడపా తొక్కలేదు. పోయినవాళ్ళ మీద కోపం పెట్టుకోకూడదంటారు. నాకు మాత్రం అది పోలేదు.

ఇప్పుడు టోవా పాయోలో కొడుకు దగ్గర ఉంటున్నాను. పాలు పొంగినా, మనవరాలి పుస్తకం నా చేతిలో తడిసినా, ఎవరూ అడగకముందే "నాదే తప్పు" అనేస్తాను. "ఇట్స్ ఓకే లా, నానమ్మా" అని ఇక్కడి యాసలో నవ్వుతుంది మనవరాలు. దానికేం తెలుసు. "నాదే తప్పు" అన్న ఆ ఒక్క మాట మా నాన్న నోట వింటానేమోనని ఆయన మంచం పక్కన ఆఖరి రోజు దాకా కూర్చున్నాను.