రెండో జవాబు కోసం ఆగిన డాక్టరు గారు

ఆదివారం ఉదయం మా కంపెనీ స్టోర్‌లో డ్యూటీకి పోయేవాళ్లకు హెల్మెట్లు పంచుతుండగా ఫోన్ మోగింది. డాక్టర్ ప్రణీత. "గంగాధర్ గారూ, సార్ పోయారు" అంది. ఏ సారు అని నేను అడగలేదు. ఆమెకూ నాకూ కలిపి ఉన్న సారు ఒక్కరే. చేతిలో ఉన్న హెల్మెట్ ఎవరికివ్వాలో మరిచిపోయి అలాగే నిలబడ్డాను. ముందున్న మనిషి "ఏమైందే అన్నా?" అని అడిగితే "ఏం లేదు, మంచిగనే ఉన్న" అన్నాను. ఎంత అలవాటుగా అన్నానో తరువాత తలచుకుంటే సిగ్గేసింది. డాక్టర్ కామేశ్వరరావు గారు బహ్రెయిన్‌లో ఉన్నన్నాళ్లూ పోరాడింది సరిగ్గా ఆ మాటతోనే.

అంతకు రెండు రోజుల ముందు, శుక్రవారం, అరాద్ అనే సముద్రతీరంలో పడవలో ఆయన పక్కన కూర్చున్నది నేను. ఆయనను ఒక ప్రశ్న అడిగాను. ఆయన చెప్పిన జవాబు విని ఊరుకున్నాను. ఆ సంగతి దాచిపెట్టి ఆయన గురించి నాలుగు మంచి మాటలు రాయడం నాకు చేతకాదు. అయితే అక్కడికి వెళ్లే ముందు ఆయన ఎలాంటివారో చెప్పాలి.

కామేశ్వరరావు గారిది కాకినాడ వైపు. సల్మానియా దగ్గర ఒక ఆసుపత్రిలో అత్యవసర విభాగంలో పనిచేసేవారు. జింజ్‌లో కాపురం. మనిషి పొడుగు, మాట నెమ్మది. కొత్తగా చేరిన డాక్టర్లకు పాఠం చెప్పడం ఆయన ఉద్యోగంలో భాగం. ఆ పాఠం చెప్పిన తీరు మాత్రం ఆయన సొంతం.

నేను ఆయనను మొదట చూసింది మా లేబర్ క్యాంపు మేస్త్రీ రాజన్నను ఆసుపత్రికి తీసుకుపోయిన రోజు. రాజన్నకు నాలుగు రోజులుగా జ్వరం. కుర్ర డాక్టరు హిందీలో ఏం బాధ అని అడిగాడు. "ఏం లేదు సార్, జర జొరం. మంచిగనే ఉన్న" అన్నాడు రాజన్న. డాక్టరు మాత్రలు రాయబోయాడు. వెనకనుంచి కామేశ్వరరావు గారు వచ్చి, స్టూలు లాక్కుని రాజన్న మోకాళ్లకు ఎదురుగా కూర్చున్నారు.

"ఏం రాజన్నా, ఎలా ఉన్నావు?"

"మంచిగున్న సార్."

ఆయన తల ఊపారు. ఇంకేమీ అడగలేదు. కాగితం వంక చూడలేదు, గడియారం వంక చూడలేదు. రాజన్న వంకే చూస్తూ కూర్చున్నారు. నాకే ఇబ్బందిగా అనిపించి రాజన్న తరఫున ఏదో చెప్పబోతే చెయ్యెత్తి ఆపారు. కొంతసేపటికి రాజన్న తల దించుకుని, "కాలు జర…" అన్నాడు.

బూటు విప్పితే వేలు నల్లబడి ఉంది. షుగరు ఉందని రాజన్నకు తెలుసు, పుండు పడిందనీ తెలుసు. చెబితే ఇంటికి పంపిస్తారని భయం. మూడు వారాలు ఆ బూటులోనే డ్యూటీ చేశాడు. వేలు పోయింది కానీ పాదం నిలిచింది.

గల్ఫ్‌లో పనిచేసే మనవాళ్లకు ఈ మాట గురించి నేను చెప్పనక్కర్లేదు. ఇంటికి ఫోన్ చేస్తే మంచిగున్న, ఫోర్‌మాన్ అడిగితే మంచిగున్న, డాక్టరు అడిగినా మంచిగున్న. ఊళ్లో వాళ్ల లెక్కలో గల్ఫ్ అంతా దుబాయే, దుబాయిలో ఉన్నవాడు మంచిగనే ఉండాలి. అది తెలిసిన డాక్టరును నేను అప్పుడే మొదటిసారి చూశాను. బయటికి వచ్చాక ఆయన ఆ కుర్ర డాక్టరుతో అన్న మాట నా పుస్తకంలో రాసుకున్నాను: "బాగున్నాను అన్నది రోగి మనకు పెట్టే నమస్కారం. జబ్బు రెండో జవాబులో ఉంటుంది. దానికోసం ఆగాలి."

ఆ రోజు నా చంకలో శరీరశాస్త్రం గురించిన ఒక పాత తెలుగు పుస్తకం ఉంది. నేను చదివింది పదో తరగతి. మిగిలిన చదువంతా జగిత్యాల దగ్గర మా మండల గ్రంథాలయంలో, తరువాత ఇక్కడ మనామాలోని గ్రంథాలయంలో నిఘంటువు పక్కన పెట్టుకుని చదివింది. ఆయన నా పేరడిగి, పుస్తకం తిరగేసి, "గుండెకు గదులెన్ని గంగాధరం?" అని అడిగారు. నాలుగని చెప్పి, వాటి పేర్లు చెప్పి, రక్తం ఏ గదిలోంచి ఏ గదిలోకి పోతుందో కూడా చెప్పాను. ఆయన కళ్లు మెరిశాయి. "శుక్రవారం సెలవేనా? చేపలకు రా. నాకొక రోగి కావాలి" అన్నారు. నాకు అర్థం కాలేదు. శుక్రవారం వెళ్లాక అర్థమైంది.

ఆయనకు ఫ్లై ఫిషింగ్ అంటే ప్రాణం. అంటే ఎర పెట్టకుండా, ఈకలూ దారమూ కొక్కేనికి చుట్టి రొయ్యలాంటి బొమ్మ చేసి, దానితో చేపను పట్టడం. ఆ ఈకల బొమ్మకు బరువుండదు, అందుకని దారం బరువుతోనే దూరంగా విసరాలి. కర్రను వెనక్కి ఊపి, దారం గాలిలో పూర్తిగా సాగాకే ముందుకు ఊపాలి. నెలకొక శుక్రవారం ఐదారుగురు కొత్త డాక్టర్లను ఆయన అరాద్‌కు తీసుకువచ్చేవారు. అబూ జాసిం అనే ముసలి బహ్రెయినీ తన పడవలో అందరినీ లోతులేని నీళ్లకు తీసుకుపోయి, చేప ఎక్కడుందో చూపించేవాడు. మోకాలి లోతు నీళ్లలో నిలబడి ఒకరు గాలం విసురుతుంటే, పడవలో ఇంకొకరు రోగిని పరీక్షించాలి. ఆ రోగిని నేను. కార్డు మీద డాక్టరు గారు ఒక జబ్బు రాసిచ్చేవారు. నేను దాన్ని దాచిపెట్టి "మంచిగున్న" అనాలి. వాళ్లు దాన్ని బయటికి లాగాలి.

ఎవరైనా తొందరపడి ప్రశ్న మీద ప్రశ్న వేస్తే, పాఠం ఆపి వాళ్ల చేతికి గాలం ఇచ్చేవారు. వాళ్లు విసిరేవారు, దారం చిక్కుపడి వాళ్ల నెత్తినే పడేది. "చూశావా తల్లీ, వెనక్కి పోయిన దారం ఇంకా పూర్తిగా సాగలేదు. నువ్వు ముందుకు లాగేశావు. ప్రశ్న కూడా అంతే" అనేవారు. ప్రణీత మొదటిరోజు తన టోపీకే కొక్కెం తగిలించుకుంది. "ఈ పేషెంటు ఎక్కడికీ పోడులే, ముందు నీ టోపీకి వైద్యం చెయ్యి" అన్నారాయన.

నా మొదటి రోజూ గొప్పగా ఏమీ గడవలేదు. కార్డు మీద గుండెపోటు అని ఉంది. నేను వారమంతా గ్రంథాలయంలో కూర్చుని లక్షణాలన్నీ వరసగా బట్టీపట్టాను. డాక్టరు అడగడమే ఆలస్యం, ఛాతీలో బరువు, ఎడమ భుజం, దవడ, చెమట, ఆయాసం, వికారం అని అప్పజెప్పాను. పడవంతా నవ్వింది. డాక్టరు గారు నవ్వు ఆపుకుని, "రోగి ఇంత పద్ధతిగా రాడయ్యా గంగాధరం. నువ్వు జబ్బు చెప్పడం లేదు, విషయసూచిక చదువుతున్నావు" అన్నారు. తరువాత నా పక్కన కూర్చుని, రాజన్న తల ఎలా దించుకున్నాడో గుర్తు చేశారు. "నువ్వు చదివిందంతా నీకు తెలుసు. ఇప్పుడు దాన్ని దాచడం నేర్చుకో. అప్పుడు తెలుస్తుంది, మీవాళ్లు ఎంత బరువు దాస్తున్నారో." పుస్తకం చదివినందుకు నన్ను మెచ్చుకున్నవాళ్లు ఉన్నారు, ఎగతాళి చేసినవాళ్లు ఉన్నారు. చదివినదాన్ని ఏం చేయాలో చెప్పినవారు ఆయనొక్కరే.

అరాద్ విమానాశ్రయానికి దగ్గర. విమానం దిగేటప్పుడు ఎవరి మాటా ఎవరికీ వినపడదు. ఆయన దానికి ఇంటర్వెల్ అని పేరు పెట్టారు. అందరూ తలలెత్తి చూసేవాళ్లం. శబ్దం పోయాక, "చెప్పు, ఎక్కడ ఆగాం?" అనేవారు. చిత్రమేమిటంటే, కార్డులో లేని మాటలు నా నోటి నుంచి వచ్చింది ఎక్కువగా ఆ విమానాల తరువాతే. ఒకసారి కడుపునొప్పి రోగిగా కూర్చుని, మా అమ్మ పోయినప్పుడు సెలవు దొరకలేదన్న సంగతి చెప్పేశాను. ప్రణీత కాగితం పక్కన పెట్టి వింది. డాక్టరు గారు ఆమెకు ఆ రోజు పూర్తి మార్కులు వేశారు. జబ్బేమిటో ఆమె కనిపెట్టనే లేదు.

చేపలు పట్టడాన్ని శిక్షణ గంటల్లో ఎలా కలుపుతామని ఆసుపత్రిలో ఒక అధికారి అభ్యంతరం పెట్టాడట. డాక్టరు గారు వాదించలేదు. ఆయన్నే ఒక శుక్రవారం పిలిచి నా ముందు కూర్చోబెట్టారు. అధికారి పది నిమిషాలు అడిగి, "ఇతనికి ఏమీ లేదు" అని తేల్చాడు. డాక్టరు గారు కార్డు తిప్పి చూపించారు. అందులో వడదెబ్బ అని ఉంది. ఆ తరువాత గంటల గురించి ఎవరూ మాట్లాడలేదు. ఆ రోజు పట్టిన షేరీ అనే సముద్రపు చేపను మాత్రం అధికారి ఇంటికి తీసుకుపోయాడు. మామూలుగా డాక్టరు గారు పట్టిన ప్రతి చేపనూ నీళ్లలోకి వదిలేసేవారు. ఆ ఒక్కటే మినహాయింపు. "అది ట్యూషన్ ఫీజు" అన్నారు నాతో.

ఇక ఆ చివరి శుక్రవారం.

ఆయన అప్పుడప్పుడు ముందు చెప్పకుండా తానే రోగిగా మారేవారు. గాలం విసురుతూ విసురుతూ కుంటడం మొదలుపెట్టేవారు, లేదా మాట తడబడేవారు. శిష్యులు ఎంత తొందరగా గమనిస్తారో చూడటానికి. అలాంటప్పుడు నాకు ముందే తెలిసిపోయినా వాళ్లకు అందించకూడదు. అది మా పడవ నియమం. ఆ రోజు ఆయన నాలుగైదుసార్లు విసిరి, గాలం ప్రణీతకు ఇచ్చి, పడవలోకి వచ్చి నా పక్కన కూర్చున్నారు. ఎడమ దవడ కింద బొటనవేలితో రుద్దుకున్నారు. చలికాలపు గాలి వీస్తోంది, అందరం స్వెట్టర్లు వేసుకున్నాం, ఆయన నుదుటి మీద చెమట ఉంది. నేను నా మొదటి కార్డు గుర్తు చేసుకున్నాను. సారు ఇవాళ గుండెపోటు రోగి వేషం వేస్తున్నారు, నీళ్లలో ఉన్న డాక్టర్లెవరూ ఇంకా గమనించలేదు, నేనే ముందు కనిపెట్టాను అనుకున్నాను. నిజం చెప్పాలంటే నాకు కాస్త గర్వంగా కూడా అనిపించింది.

ఆటలో నా వంతుగా గొంతు తగ్గించి అడిగాను. "ఎట్లున్నరు సార్?"

"బానే ఉన్నానయ్యా" అన్నారు. రోగి మొదట ఎప్పుడూ అనే మాటే అది.

ఎంత బాగా నటిస్తున్నారు అనుకున్నాను. నవ్వాను. ఆయనా నవ్వారు. అప్పుడే అబూ జాసిం చేప కనబడి "యల్లా, యల్లా" అని అరబ్బీలో తొందరపెడుతూ కేకేశాడు. అందరం అటు తిరిగాం. మళ్లీ ఇటు తిరిగేసరికి ఆయన సీసా ఎత్తి నీళ్లు తాగుతున్నారు. ఒడ్డుకు చేరాక కేసు గురించి చర్చ ఉంటుందని ఎదురుచూశాను. ఆయన "ఇవాళ్టికి చాలర్రా" అని కారెక్కారు.

ఆయన ఆ రోజు నటించలేదు. ఆదివారం డ్యూటీకి చొక్కా వేసుకుంటూ ఇంట్లోనే కూలిపోయారు.

జింజ్‌లో వారి ఇంటికి వెళ్లి, ఆయన భార్య శారదమ్మ గారి ముందు ఈ సంగతంతా చెప్పాను. చెప్పకుండా అక్కడ కూర్చోలేకపోయాను. ఆమె చీర కొంగు మడత పెడుతూ, విప్పుతూ విన్నారు. "నాకూ అదే చెప్పారు బాబూ. వారం నుంచీ అడుగుతున్నాను. బానే ఉన్నానే, గ్యాసు అన్నారు. ఊరందరి దగ్గరా నిజం రాబట్టే మనిషి కదా, నాతో అబద్ధమెందుకు చెప్తారనుకున్నాను" అన్నారు. ఆ తరువాత నన్ను చూసి, "భోంచేశావా?" అని అడిగారు. చేశానన్నాను. ఆమె వంటింట్లోకి వెళ్లి కంచంలో అన్నం పెట్టుకొచ్చారు. ఆ ఇంట్లో మొదటి జవాబును ఎవరూ నమ్మరు. ఆయన విషయంలో తప్ప.

ప్రణీత కూడా నీళ్లలోంచి ఆయన కూర్చోవడం చూసిందట. అలసిపోయారనుకుందట. ఇప్పుడు ఆమె, నేను ఒకరికొకరం ఓదార్పు చెప్పుకోము. అలా చెప్పుకుంటే ఆయన ఒప్పుకోరు. "తప్పు చేసినవాళ్లను ఓదార్చకండి, వాళ్లకు నేర్పండి" అని ఆయనే అనేవారు. ఆ ఆసుపత్రికి మరో డాక్టరు వస్తాడు. పాఠం చెప్పేవారూ వస్తారు. కూలి మనిషి ముందు గడియారం చూడకుండా కూర్చునే మనిషి మళ్లీ ఎప్పుడు వస్తాడో నాకు తెలియదు. ఆయన భౌతికకాయం వెళ్లిన విమానం అరాద్ మీదుగానే లేచి ఉంటుంది. ఆ వేళ నేను స్టోర్‌లో ఉన్నాను. ఆ ఇంటర్వెల్‌కు తలెత్తి చూడలేకపోయాను.

మొన్న శుక్రవారం ప్రణీత, మిగిలిన శిష్యులు, నేను అరాద్ వెళ్లాం. గాలాలు తీసుకుపోలేదు. ఆయన కట్టిన ఈకల రొయ్య ఒకటి నా జేబులో ఉంది. వాళ్లు ఒడ్డున మాట్లాడుకుంటుంటే నేను ముందుగా పడవెక్కాను. అబూ జాసిం ఇంజిన్ దగ్గర ఉన్నాడు. ఇన్నేళ్ల మా పాఠాల్లో ఒక్క ముక్క కూడా ఆయనకు అర్థమయ్యేది కాదు, భాష తెలియదు, ఊరికే చూస్తూ ఉండేవాడు.

"కైఫ్ హాలక్, గంగాధర్? ఠీక్ హై?" అని అరబ్బీ, హిందీ కలిపి ఎలా ఉన్నానో అడిగాడు.

"ఠీక్ హై, బాబా" అన్నాను.

ఆయన ఇంజిన్ తాడు పట్టుకున్నాడు కానీ లాగలేదు. తాడు వదిలేసి, పడవ అంచు మీద నాకు ఎదురుగా కూర్చున్నాడు. ఏమీ అడగలేదు. ఒక విమానం మా మీదుగా దిగింది. శబ్దం పోయింది. ఆయన ఇంకా నన్నే చూస్తున్నాడు.

సార్, మీరు మాకు నేర్పింది ఆ పడవలో నాకంటే ముందు అబూ జాసింకే వచ్చింది. మీ దగ్గర నేను అడిగి ఆగలేదు. నా కోసం ఆయన ఆగాడు. అందుకని ఆయనకు చెప్పిందే మీకూ చెబుతున్నాను. మంచిగ లేను, సార్.