నీలం తెర

తొంభైల నడుమ మేము ఆదిలాబాద్‌లో ఉండేవాళ్లం. మా అత్తమ్మ పుట్టిల్లు పెన్‌గంగ అవతల, మహారాష్ట్రలోని ఒక పల్లె. ఇంట్లో అందరితో తెలుగే మాట్లాడేది కానీ, సాయంత్రం మాత్రం ఆమెకు టీవీలో మరాఠీ వార్తలు ఉండాల్సిందే. మిద్దె మీది యాంటెనాను ఉత్తరానికి తిప్పితే, మా పాత బ్లాక్ అండ్ వైట్ టీవీలో అవతలి స్టేషన్ సన్నగా అందేది. తెర నిండా చుక్కలే. ఆ చుక్కల వెనుక ఎవరో మాట్లాడుతున్నట్టు ఉండేది.

ఆ టీవీ పాడైపోతే మా ఆయన కలర్ టీవీ తెచ్చాడు. హైదరాబాద్ కార్యక్రమాలు అద్దంలా వచ్చాయి. సాయంత్రం అత్తమ్మ తన స్టేషన్ పెట్టమంది. పెట్టగానే తెరంతా నీలం అయిపోయింది, మాటా ఆగిపోయింది. యాంటెనా తిప్పాను. వైరు పీకి మళ్లీ పెట్టాను. రెప్పపాటు ఏదో మెరిసి, మళ్లీ నీలమే.

"స్టేషన్ బంద్ చేసిన్రేమో అత్తమ్మా" అన్నాను.

"బందైతే పక్కింట్ల ఎట్ల వస్తుంది? మాట ఇనబడ్తలేదా?"

నిజమే, గోడ అవతలి పాత టీవీలోంచి మరాఠీ వినిపిస్తూనే ఉంది. మా టీవీకేమైందో నాకు అర్థం కాలేదు.

మర్నాడు మెకానిక్ వచ్చి చూశాడు. "టీవీ ఖరాబ్ కాలేదమ్మా. బొమ్మ మంచిగ లేకుంటే అదే పసిగడ్తది. చుక్కలు కనబడొద్దని నీలం చేస్తది" అన్నాడు.

"మంచిగుందో లేదో దానికెట్ల ఎర్కైతది?" అంది అత్తమ్మ.

అతను టీవీ వెనక్కి తొంగి చూశాడు. "నాక్కూడ సమజ్ కాలే అవ్వా. లోపల ఏదో చూసుకుంటది."

"నాకు మంచిగనే కనబడ్తుండె. నన్నడగకుండ అదెట్ల మూస్తది?"

అతను రిమోట్‌లో ఏవో నొక్కి ఆ ఏర్పాటు తీసేశాడు. సాయంత్రం అదే స్టేషన్ పెడితే బుస్సుమని చుక్కలు, మధ్యలో మాటలు వచ్చాయి. అత్తమ్మ పీట లాక్కుని కూర్చుంది. నేనూ పక్కనే కూర్చుని ఎంత చూసినా చుక్కలు తప్ప ఏమీ కనిపించలేదు.

"ఎవలు అత్తమ్మా?"

"రోజొచ్చే పిల్లనే. ఇయ్యాల పచ్చ చీర కట్టింది."

ఆ నలుపు తెలుపు చుక్కల్లో రంగన్నదే లేదు. కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాను. ఆమెకు నిజంగా కనబడుతోందో, టీవీ చెప్పిందే నిజమో తేల్చుకోలేకపోయాను. ఇంకేదో అడగబోతే, వార్తలు వినబడడం లేదని చేత్తో ఆపింది.