ఆ రోజు అమ్మ నా పేరు ఇచ్చేసింది

నా చిన్నప్పుడు, నాకు తొమ్మిదేళ్ళు ఉన్నప్పుడు, మా అమ్మ నా పేరు వదిలేసుకోవడానికి ఒప్పుకుంది. అరవై ఏళ్ళు దాటినా ఆ సంగతి నేను మర్చిపోలేదు. మర్చిపొమ్మని మా వాళ్ళు చెప్తూనే ఉంటారు.

నా పేరు సైదమ్మ. మేము శనివారాలు ఒంటిపూట ఉండే హిందువులం. నాకు ముందు పుట్టిన ఇద్దరూ పురిట్లోనే పోతే, మా నాయనమ్మ దర్గాకి వెళ్ళి, ఈసారి బిడ్డ నిలిస్తే అక్కడి పీరు సైదులు పేరు పెట్టుకుంటామని మొక్కింది. నేను నిలిచాను. తిరువూరు చుట్టుపక్కల ఇలాంటి పేర్లు చాలా ఇళ్ళలో ఉండేవి. ఎవరూ వింతగా చూసేవాళ్ళు కాదు.

ఆ ఏడు మా తమ్ముడికి జ్వరం పట్టుకుంది. ఏడాది నిండని పిల్లాడు. ఊపిరి తీస్తుంటే డొక్కలు ఎగిరిపడేవి. తిరువూరు డాక్టరు చూసి, ఇక్కడ లాభం లేదు, బెజవాడ తీసుకుపొమ్మన్నాడు. నాన్న బస్సు కోసం రోడ్డు మీద నిలబడ్డాడు. బస్సు వచ్చేలోగా ఒక్క అర్చన చేయిద్దామని అమ్మ తమ్ముణ్ణి భుజాన వేసుకుని మా ఊరి రామాలయానికి పరుగెత్తింది. వెనకాలే నేను.

గుడి పెత్తనం చేసే మోతుబరి ఒకాయన మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి నవ్వాడు.

"ఏమ్మా, పిల్లకి పీరు పేరు, పిల్లాడికి రాముడి అర్చనా? మీరు హిందువులో సాయిబులో ముందు తేల్చుకోండి. ఆ పేరు మార్చుకుని రండి, అప్పుడు చూద్దాం."

అమ్మ ఆలోచించను కూడా లేదు. "మార్చేస్తానండీ, ఇప్పుడే మార్చేస్తా. మీరే ఏదో ఒకటి పెట్టండి. పిల్లాడికి ఊపిరాడట్లేదు, మీకు దణ్ణం పెడతా."

నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. నేను బతకాలని పెట్టిన పేరు అది. తమ్ముడి కోసం తీసేస్తోందంటే, ఇక నేనేమైపోయినా పర్వాలేదా అనిపించింది.

లోపల్నుంచి పూజారి గారు వచ్చారు. మడి విషయంలో మహా పట్టింపు మనిషి, మా ఇంట మంచినీళ్ళు కూడా పుచ్చుకునేవారు కాదు. అలాంటాయన అమ్మతో, "ఆ మొక్కు కూడా బిడ్డ కోసమేగా తల్లీ. ఇచ్చిన మాట తప్పి రమ్మని రాముడు అడుగుతాడా? లోపలికి రా" అన్నారు.

"పంతులు గారూ, ఇక్కడ పెత్తనం మీదా?" అన్నాడు మోతుబరి.

"పెత్తనం మీదే బాబూ. అర్చన నాది."

గోత్రం చెప్పి, తమ్ముడి పేరు చదివారు. తర్వాత నా వైపు చూసి, మెట్ల దాకా వినపడేలా "సైదమ్మ నామధేయవత్యాః" అన్నారు. తీర్థంతో తమ్ముడి పెదాలు తడిపారు.

తమ్ముడు బెజవాడ చేరలేదు. మైలవరం దాటాక అమ్మ ఒళ్ళోనే పోయాడు.

పీరు పేరున్న ఇంట్లో రాముడెందుకు ఉంటాడని ఆ మోతుబరి ఊరంతా చెప్పాడు. ఆ మాట అమ్మా విన్నది. ఇక నా పేరు పోతుందని రోజూ భయపడుతూ బతికాను. ఒకరోజు జడ వేస్తుంటే, "నా పేరు మార్చేస్తావా?" అని అడిగేశాను. అమ్మ చెయ్యి ఆగింది. నా తల మీద మొహం పెట్టి, "నువ్వన్నా ఉండవే, సైదమ్మా" అంది.

మోతుబరిని నేను క్షమించలేదు. ఆయన పోతే చూడ్డానికీ వెళ్ళలేదు. మొన్న గుడిలో పేర్లు రాసే ఒకాయన నా పేరు విని, "మీరు మనవాళ్ళేనా అండీ?" అన్నాడు. ఆయన నా పేరు రాసేదాకా నేను కదల్లేదు. వెనక లైను గొణిగింది, గొణగనీ.

హిందువంటే ఎవరో పెద్దవాళ్ళు సభల్లో చెప్తున్నారు. పూజారి గారు చెప్పిందే నాకు తెలుసు. అవతలి దేవుడికి ఇచ్చిన మాటైనా మాటే. అందుకే ఏటా దర్గాలో చక్కెర చదివించి, తిరిగొచ్చి రామాలయంలో దీపం పెడతాను. రెండు చోట్లా ఒకటే అడుగుతాను, నన్ను నిలిపిన వాళ్ళు తమ్ముణ్ణెందుకు నిలపలేదని. ఇద్దరూ ఇంతవరకూ జవాబు చెప్పలేదు. నేనూ అడగడం మానలేదు.