మూడు కూరల పక్కన నంజుకోవడానికి ఏముంది? ఉరవకొండ, గోరంట్ల మీదుగా ఒక శనివారం

నేను బోరు మోటార్లు బాగుచేసేవాణ్ణి. నీళ్ళు లేని బోర్లకు కూడా మోటారు బాగుచేసి ఇస్తాను, ఆ తర్వాత భారం దేవుడిది. ఇలాంటివాడికి కూరల పక్కన నంజుకునేవాటి గురించి రాసే పని ఎందుకు పడిందంటే, మా చెల్లెలు సరోజ వల్ల. ఇరవై ఏళ్ళుగా ఊరి పెళ్ళిళ్ళకు వంట చేస్తోంది. ఎండలో రేకుల కింద, వానొస్తే గొడుగు కింద, ఎప్పుడూ ఇంకొకరి పొయ్యి మీదే. పోయిన నెల పుట్టపర్తిలో ఒక లాడ్జి వంటగది ఖాళీ అయింది. దాన్ని సరోజకు ఇస్తే ఆమెకు మొదటిసారి సొంతంగా ఒక పొయ్యి, దాని మీద కప్పు ఉంటాయి. లాడ్జి యజమాని ఒక ఆదివారం పదిమందిని వెంటబెట్టుకుని, అదే ఊర్లో ఉండే సరోజ ఇంటికి వచ్చి తిన్నాడు. గుత్తి వంకాయ, బీరకాయ, ఆలుగడ్డ. తిని, చేయి కడుక్కుని చెప్పాడట: "చెయ్యి బాగుండాదమ్మా. అయితే మూడు కూరలు తిన్నా, ఒకటే తిన్నట్లుండాది. పక్కన నంజుకునేదానికీ ఏమీ ల్యా. వచ్చే ఆదివారం ఇంకొక్కసారి వస్తా. అప్పుడూ ఇట్లే ఉంటే హిందూపురమోళ్ళు అడుగుతాండారు, వాళ్ళకిచ్చేస్తా."

సరోజ నాకు ఫోన్ చేసి ఏడవలేదు. ఆమె ఏడ్చే రకం కాదు, పని చెప్పే రకం. "అన్నా, నువ్వు తిరుగుబోతువే కదా, ఈ శనివారం నాకోసం తిరుగు. యాడెక్కడ మంచి నంజుకునేవి దొరుకుతాయో పట్టుకోని రా," అంది. అట్లా మొదలైంది ఈ ప్రయాణం.

అనంతపురం బస్టాండులో పొద్దున ఆరింటికి ఉరవకొండ బస్సెక్కాను. చేతి సంచిలో మూతలు గట్టిగా పడే స్టీలు డబ్బాలు రెండు పెట్టుకున్నాను. ఏడున్నరకల్లా ఉరవకొండ. టికెట్టు నూరు రూపాయల లోపే, కిటికీ పక్క సీటు దొరికితే గాలి ఉచితం. ఉరవకొండే ఎందుకంటే, అక్కడ బస్టాండు దగ్గర ఈరన్న బండి మీద ఉగ్గాని, బజ్జీ తింటే మధ్యాహ్నం దాకా మనిషికి కోపం రాదు. బొరుగులు, అదే మరమరాలు, నానబెట్టి, నీళ్ళు పిండేసి, తాలింపు వేసి, పైన వేయించిన పప్పుల పొడి చల్లేదే ఉగ్గాని. పక్కన మిరపకాయ బజ్జీ. ప్లేటు నలభై రూపాయలు. సగం తిన్నాక అడిగాను, "ఏమన్నా, ఉగ్గానికి బజ్జీనే ఎందుకు పెడతావు? ఇంకేమన్నా పెట్టగూడదా?"

ఈరన్న నూనెలో నుంచి చూపు తిప్పలేదు. "ఉగ్గాని మెత్తగుంటాది. నోట్లో పండ్లు ఊరికే ఉంటే ఏం బాగుంటాది చెప్పు. వాటికీ ఏదో ఒక పని చెప్పల్ల కదప్పా. మెత్తగుండేదానికి కరకర, కారంగుండేదానికి చల్లన. అంతే."

నా పని చెప్పాను. మూడు కూరలు, రేపు మధ్యాహ్నం, చెల్లెలి పొయ్యి. "ఏమేం కూరలు?" అన్నాడు. వంకాయ, బీరకాయ, ఆలుగడ్డ అన్నాను. "అయితే నా దగ్గర ఉండే మంచిది ఇస్తా," అని, లోపల వాళ్ళ ఇంటావిడ రోట్లో అప్పుడే నూరిన చెనిక్కాయ ఊరిబిండి ఒక డబ్బా నిండా పెట్టించాడు. ఊరిబిండి అంటే మా వైపు రోటి పచ్చడి. చెనిక్కాయలంటే మీరు వేరుశనగలంటారు. రెండో డబ్బా నిండా తెల్లగడ్డ, అంటే వెల్లుల్లి, వేసి దంచిన చెనిక్కాయ పొడి. రెండు డబ్బాలూ బరువుగా ఉన్నాయి, నా మనసు తేలిగ్గా ఉంది. పని అయిపోయిందనుకున్నాను.

ఎనిమిదిన్నరకు తిరుగు బస్సు, పదికి అనంతపురం. అక్కడ నుంచి పుట్టపర్తికి నేరుగా బస్సులున్నాయి, రెండు గంటల ప్రయాణం. కానీ గోరంట్లలో మజ్జిగలో ఊరబెట్టి ఎండబెట్టిన మిరపకాయలు బాగుంటాయని సరోజే చెప్పింది కాబట్టి, పదిన్నరకు బెంగళూరు వైపు పోయే బస్సెక్కాను. పెనుకొండ దాటాక పాలసముద్రం కూడలిలో దిగితే గోరంట్లకు షేర్ ఆటోలుంటాయి, మనిషికి ముప్పై రూపాయలు. నేను దిగేసరికి ఒంటిగంట కావస్తోంది. ఆటో నడిపే బాషాకు నేనొక్కడినే దొరికాను. పది నిమిషాలు పోయామో లేదో, వెనక చక్రం గాలి తీసేసుకుంది.

"స్టెప్నీ ఉండాదా బాషా?"

"ఉండాది భయ్యా. ఇంటి దగ్గర ఉండాది."

బాషా ఎవరికో ఫోన్ చేశాడు. అరగంటలో చక్రం వస్తుందన్నాడు. రోడ్డు పక్కన చెనిక్కాయ చేను. ఈ ఏడు వాన ఆలస్యమై, విత్తనం ఆలస్యమై, వినాయక చవితి పోయినా ఇంకా రెండో కలుపు తీస్తున్నారు. గట్టున కానుగ చెట్టు కింద ఆరుగురు ఆడవాళ్ళు గుండ్రంగా కూర్చుని సద్దులు విప్పుతున్నారు. వాళ్ళలో పెద్దామె, తర్వాత తెలిసింది పేరు సుంకమ్మ అని, నన్ను చూసి చేయి ఊపింది. "ఏమన్నా, ఆడ నిలబడి చూస్తే కడుపు నిండుతాదా? వచ్చి కూకో. ఆటో యాడికీ పోదులే, దాని మొగం చూస్తే తెలుస్తాండాది."

బాషాను కూడా పిలిచారు. ఇద్దరికీ ఆకులు దొరక్క డబ్బా మూతల్లో సంగటి ముద్ద, మీద ఇంత పప్పు వేశారు. అప్పుడు నడవడం మొదలైంది, గిన్నెల నడక. ఒకామె గిన్నె కుడి పక్కకు, ఇంకొకామె గిన్నె ఎడమ పక్కకు. గుద్ది చితక్కొట్టిన ఎర్రగడ్డ, అదే ఉల్లిపాయ, ఉప్పుతో. కాల్చిన పచ్చిమిరపకాయలు. గట్టి పెరుగు. బెల్లం, చింతపండు కలిపి నలిపినది ఒకటి. సుంకమ్మ గిన్నెలో బుడంకాయ ఊరిబిండి. బుడంకాయ అంటే ఈ చేలల్లో తనంతట తాను పాకే తీగకు కాసే చిన్న కాయ, దోసకాయకు దూరపు చుట్టం, పులుపు మాత్రం సొంతం. అది సంగటితో పెట్టుకున్నాను. నా చెవులు కదిలినట్టనిపించింది.

"నా సంచి నిండా ఉండాయి, నేనూ పెడతా," అని గొప్పగా నా డబ్బాల మూతలు తీశాను. ఆరుగురూ తొంగి చూశారు. ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇంకొకామెకు ఆ ఓపిక కూడా లేకపోయింది.

"చెనిక్కాయ చేన్లో కూసోని మాకు చెనిక్కాయలు పంచేదానికి ఉరవకొండకు పోయొచ్చినావా?" అంది సుంకమ్మ. "పొద్దన్నుంచి దాని మొగమే కదన్నా చూస్తాండేది."

నేను పరువు కాపాడుకోవడానికి అసలు సంగతి చెప్పాను. ఇది మీకు కాదు, మా చెల్లెలి కూరల పక్కకు అని. సుంకమ్మ నవ్వు ఆపి అడిగింది, "ఆ కూరల్లో పొడి ఏం వేస్తాది?"

"ఏం పొడి? చెనిక్కాయ పొడే."

"మూడింట్లోనా?"

"మూడింట్లోనూ. వెయ్యకుండా ఎట్ల?"

ఇక్కడ ఒక మాట చెప్పాలి. మా జిల్లాలో కూరలో చెనిక్కాయ పొడి వేశామని ఎవరూ చెప్పరు. ఉప్పు వేశామని చెప్తామా? అందుకే ఈరన్నకు నేను చెప్పలేదు, ఆయన అడగలేదు. లాడ్జి ఆయనకు మూడు కూరలూ ఒకటిగా ఎందుకు అనిపించాయో మా ఇంట్లో ఒక్కరికీ తట్టలేదు. దానికి మందు అని నేను అదే జబ్బును రెండు డబ్బాల నిండా మోసుకుపోతున్నాను.

"కూరలో అదే, పక్కన అదే," అంది సుంకమ్మ. "ఇద్దరు పెద్దమనుషులను పక్కపక్కన కూసోబెట్టినట్లుండాది. ఇద్దరూ మంచోళ్ళే, ఒగని మాటకు ఒగడు బదులు చెప్పడు. మేము పొద్దన పనికి పోతానే, దావలోనే ఒగరినొగరు అడుగుతాం, నీ గిన్నెలో ఏమి, నా గిన్నెలో ఏమి అని. ఒగరు తెచ్చింది ఇంగొగరు తీసుకోని వస్తే ఆ పొద్దు దాన్ని ఆటపట్టిస్తానే ఉంటాం, సాయంత్రం దాకా."

"ఈ పొద్దు నన్ను ఆటపట్టిస్తాండారు," అన్నాను.

"నువ్వు కొత్తగా దొరికినోడివి కదన్నా, నిన్ను పొద్దు మునిగినా ఇడిసిపెట్టం."

చక్రం వచ్చేలోపు సుంకమ్మ నా డబ్బాలు రెండూ ఖాళీ చేయించింది. ఊరిబిండి, పొడి వాళ్ళ గిన్నెల్లోకి పోయాయి, ఆదివారం సెలవు రోజుకు పనికొస్తాయంది. బదులుగా నలుగురు చేలోకి దిగి రెండు డబ్బాల నిండా బుడంకాయలు కోసుకొచ్చారు. జేబులో చేయి పెట్టాను. "దుడ్లా? పీకి పారేసేదానికి దుడ్లు తీసుకుంటే ఊర్లో నవ్వుతారు. పో, పో, చెల్లెలికి చెప్పు, కాయ చేదుండాదేమో ఒగొగటీ కొరికి చూసుకోమని."

గోరంట్ల చేరేసరికి రెండున్నర. సంతబజారు పక్కన ఊరమిరపకాయలు పావుకిలో తీసుకుని, మూడున్నరకు పుట్టపర్తి బస్సెక్కాను. అయిదు కాకముందే సరోజ వంటింట్లో ఉన్నాను. ఆమె డబ్బా మూత తీసి చూసి, నన్ను చూసి, మళ్ళీ డబ్బాను చూసింది.

"పొద్దన ఆరింటికి బయలుదేరినావు. సాయంత్రానికి ఇది తెచ్చినావా? కలుపు తీగ కాయ?"

"దీంతో పాటు ఒక మాట కూడా తెచ్చినా. చెనిక్కాయ పొడి వంకాయలో మాత్రం వెయ్యి. మిగతా రెండింట్లో తీసెయ్యి."

"నా చెయ్యి రుచే ఆ పొడిలో ఉండాది అన్నా. అది తీస్తే ఇంగ నేను వండినట్ల యాడ తెలుస్తాది?" ఈసారి ఆమె గొంతు గట్టిగా లేదు. మోటార్లయితే విప్పి చూపిస్తాను. చెల్లెలి భయం ఎట్లా విప్పేది? అందుకని బుడంకాయలు కడిగి, ఒక్కోటీ కొరికి చూసి, చేదువి పక్కన పారేసి, పచ్చిమిరపకాయలు వేసి రోటి దగ్గర నేనే కూర్చున్నాను. నా నూరుడు చూడలేక ఆమే వచ్చి బండ లాక్కుంది. తర్వాత ఒక గుప్పెడు బీరకాయ ముక్కలను పొడి లేకుండా, ఎర్రగడ్డతో వండింది, నాకు బుద్ధి చెప్పడానికే. తిని "చప్పగుండాది" అంది. పక్కన ఒక ఊరమిరపకాయ వేయించి పెట్టాను. కొరికింది. నమిలింది. మళ్ళీ బీరకాయలోకే చెయ్యి పెట్టింది.

మర్నాడు మధ్యాహ్నం పన్నెండింటికి లాడ్జి ఆయన పదిమందితో వచ్చాడు. కొందరు ఉత్తరాది యాత్రికులు, కొందరు తమిళులు. గుత్తి వంకాయ పక్కన బుడంకాయ ఊరిబిండి, ఎందుకంటే వంకాయ చిక్కగా, నూనెగా ఉంటుంది, ఊరిబిండి పులుపు దాన్ని తేలిక చేస్తుంది. మెత్తటి బీరకాయ పక్కన కరకరలాడే ఊరమిరపకాయ. కారంగా వేయించిన ఆలుగడ్డ పక్కన పెరుగులో ఎర్రగడ్డ. మూడింటికి మూడు, నాలుగోది లేదు. సరోజ ఇంకో రెండు చేస్తానని పట్టుబట్టింది కానీ, ఆకు నిండితే నాలుకకు దావ దొరకదని నేను ఒప్పుకోలేదు. నేను తలుపు పక్కన నీళ్ళ చెంబు పట్టుకుని నిలబడ్డాను, ఎవరికీ ఒక్క చుక్క పోయలేదని నాకు చాలాసేపటికి గానీ తెలియలేదు.

ఆయన మెల్లగా తినే మనిషి. బీరకాయ తిన్నాడు, మిరపకాయ కొరికాడు, వంకాయ కలుపుకున్నాడు. పోయినసారి మూడు కూరలూ ఒకటేనన్న మనిషి, ఈసారి ఆలుగడ్డ దగ్గర నుంచి మళ్ళీ వంకాయ దగ్గరికి వచ్చాడు. పక్కన ఉన్న తమిళాయన వేలితో ఊరిబిండి చూపించి మళ్ళీ కావాలన్నాడు. అప్పుడు లాడ్జి ఆయన తలెత్తి, "ఏమమ్మా, ఈ పొద్దు చెనిక్కాయ యాడికి పోయింది?" అన్నాడు.

"వంకాయలో ఉండాది సార్," అంది సరోజ. "మిగతా రెండింటికీ సెలవిచ్చినా."

ఆయన నవ్వి, ఎడమచేత్తో జేబులో నుంచి తాళంచెవి తీసి ఆకు పక్కన పెట్టాడు. "సోమవారం పొద్దన పాలు ఎన్ని కావాలో చెప్పు," అన్నాడు, అంతే. సరోజ తాళంచెవి తీసి కొంగుకు ముడేసుకుని, ఏమీ జరగనట్టు "మజ్జిగ పోయనా సార్?" అంది. అందరికీ పోసింది. లోపలికి పోయింది. నేను వెనకే వెళ్ళి చూస్తే, బోర్లించిన గంగాళం మీద కూర్చుని, తన మూడు కూరలూ, మూడు పక్కవీ ఒక పళ్ళెంలో పెట్టుకుని తింటోంది. ఇరవై ఏళ్ళలో వడ్డన అయిపోకముందే ఆమె కూర్చుని తినడం నేను చూడటం అదే మొదలు. "నీళ్ళియ్యి అన్నా," అంది, నోరు నిండుగా. చెంబు చేతిలోనే ఉంది కాబట్టి ఇచ్చాను.

తిరిగి వస్తూ బస్సులో ఆలోచించాను. కూర పక్కన ఏం పెట్టాలన్న ప్రశ్నకు జవాబు కూర దగ్గరే ఉంటుంది. అందులో ఏముందో మనకు కనబడదు, రోజూ తినేది కాబట్టి. కొత్తగా కూర్చున్నవాడికి కనబడుతుంది, లేదా పొద్దస్తమానం ఆ పంటలోనే వంగి పనిచేసే మనిషికి. మా నేలకు వాన ఎప్పుడూ అరకొరే. ఉన్న దానితోనే బతకడం మాకు అలవాటు, ఆ ఉన్నది చెనిక్కాయే, అందుకే దాన్ని అన్నింట్లోనూ వేస్తాం. దాని మీద నాకు ప్రేమ తగ్గలేదు. రేపు కూడా వంకాయలో అదే తింటాను. కానీ పక్కన ఒక పులుపు పెట్టుకుంటాను. మీరు ఈ దావలో వస్తే ఒక చిన్న సలహా. సంచిలో మూత గట్టిగా పడే ఖాళీ స్టీలు డబ్బాలు రెండు పెట్టుకోండి, అంతేకాదు, మధ్యాహ్నం ఒంటిగంట దాకా వాటిని ఖాళీగానే ఉంచండి.