దేముడమ్మ చెప్పిన మాట

దేముడమ్మకు పొద్దున్నే పిడికిలి ముడుచుకునేది కాదు. వేణ్నీళ్లలో చేతులు ముంచి, వేళ్లు కదిలాకే చీర కుచ్చిళ్లు దోపుకునేది. పంతొమ్మిదివందల అరవయ్యెనిమిదిలో పట్నం ఆసుపత్రిలో కీళ్లవాతానికి కొత్త మాత్ర పరీక్షిస్తుంటే, నెలనెలా రాజాంలో బస్సెక్కి వెళ్లేది. డాక్టరు నెమ్మదస్తుడు. ఆమె వాచిన కణుపులను పువ్వుల్లా పట్టుకుని చూసేవాడు.

ఆరో నెల "తగ్గిందా?" అని ఆ మాత్ర వాడేవాళ్లందరినీ వరసగా అడిగాడు. అతన్ని నొప్పించలేక ముందువాళ్లంతా తగ్గిందనేశారు.

"ఒసే, నువ్వూ తగ్గిందని సెప్పీ. నేకపోతే ఇంక రానివ్వరు," అని భర్త అప్పలసూరి గొణిగాడు.

దేముడమ్మ డాక్టరు మొహంలోకి చూసింది.

"తగ్గనేదు బాబూ. నాను అబద్దమాడితే ఇదే మాత్ర ఇంకో ఆడకూతురు మింగాల."

డాక్టరు కలం ఆపి, వరండాలోవాళ్లను మళ్లీ పిలిపించాడు. ఈసారి ఒక్కొక్కరే తలొంచుకుని నిజం చెప్పారు. ఆ మాత్ర ఆపేశారు. మరుసటేడు ఇంకో మందు వచ్చినప్పుడు, మొదట పేరు రాయించుకున్నది దేముడమ్మే.